హోమ్ థియేటర్‌లో పాటలు దద్దరిల్లుతున్నాయి.. మాటలు మాత్రం వినపడట్లేదా? మెకానిక్‌కి ఫోన్ కొట్టే ముందు ఇవి చూడండి

హోమ్ థియేటర్ కొన్న కొత్తలో ఇల్లంతా సినిమా హాలే. ఆర్నెల్లు తిరిగేసరికి ఒక్కో తిప్పలు మొదలవుతాయి. ఫైట్లకి కిటికీ అద్దాలు అదురుతుంటాయి, హీరో మాట్లాడేది మాత్రం అర్థం కాదు. వెనక బాక్సులు మూగబోతాయి. ఏమీ ప్లే చేయకపోయినా స్పీకర్లలోంచి గుర్రుమని ఒకటే మోత. వెంటనే మనం చేసే పని ఏంటి? మెకానిక్‌కి ఫోన్ కొట్టడం, లేదంటే ఎక్స్ఛేంజ్ ఆఫర్ ఉందేమోనని షాపుకి వెళ్లడం.

గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశం జిల్లాల్లో ఇది ఇంకాస్త ఎక్కువ. కారణం ఉంది. సంక్రాంతి దాటాక మిర్చి టిక్కీలు గుంటూరు యార్డుకి చేరతాయి. అటు పత్తి కూడా అమ్ముడవుతుంది. చేతిలో నాలుగు డబ్బులు ఆడే ఆ రోజుల్లోనే ఇళ్లల్లోకి పెద్ద టీవీ, దాని కింద సౌండ్ సిస్టమ్ వస్తుంటాయి. ఆ వెంటనే ఎండలు ముదురుతాయి. వోల్టేజీ పడిపోతుంది, ఎర్త్ గుంత ఎండిపోతుంది, కల్లాల దుమ్ము ఇంట్లోకి వస్తుంది. పత్తి గుట్ట పక్కనే కాపురం పెట్టిన ఎలుకలు వైర్ల మీద పడతాయి. బాక్స్‌ది తప్పు అనుకుంటాం గానీ, తప్పు చాలాసార్లు దాని చుట్టూ ఉన్నవాటిలో ఉంటుంది.

అందుకే మొదట తేల్చుకోవాల్సింది ఒక్కటే. తేడా ఎక్కడుంది? సౌండ్ పంపే టీవీలోనా, ఫోన్‌లోనా? మధ్యలో వైర్‌లోనా? స్పీకర్‌లోనా? లేక కరెంటులోనా? ఇది తేలితే సగం పని అయిపోయినట్టే. దీనికి పెద్ద చదువేం అక్కర్లేదు, ఖరీదైన మీటర్ కూడా అక్కర్లేదు.

ముందు ఒక జాగ్రత్త. సెట్ బాడీని ముట్టుకుంటే జిల్లుమంటున్నా, కాలిన వాసన వస్తున్నా, ఇంట్లో లైట్లు ఉన్నట్టుండి మరీ ఎక్కువగా వెలుగుతున్నా ఈ టిప్పులేవీ ప్రయత్నించొద్దు. ముందు మెయిన్ ఆపేయండి. ఆ సంగతులు కింద విడిగా ఉన్నాయి, అవి తప్పకుండా చదవండి.

అటుది ఇటు, ఇటుది అటు

మెకానిక్‌లు కూడా మొదట చేసేది ఇదే. కుడి బాక్స్ పలకట్లేదు అనుకుందాం. పవర్ ఆపేసి, ప్లగ్గు తీసేసి, యాంప్లిఫయర్ వెనక కుడి వైర్ ఉన్నచోట ఎడమ వైర్, ఎడమ వైర్ ఉన్నచోట కుడి వైర్ పెట్టండి. మళ్లీ ఆన్ చేయండి.

ఇప్పుడు కూడా అదే కుడి బాక్స్ పలకలేదా? అయితే తేడా ఆ వైర్‌లోనో, ఆ స్పీకర్‌లోనో ఉంది. యాంప్లిఫయర్ బాగానే ఉంది. అలా కాకుండా కుడి బాక్స్ పలికి, ఎడమది మూగబోయిందా? అప్పుడు స్పీకర్లు రెండూ బాగున్నట్టే. తేడా యాంప్లిఫయర్‌లో ఉంది, లేదా దానికి సౌండ్ పంపుతున్న టీవీ, ఫోన్ వైపు ఉంది. టీవీ వైర్ పీకేసి పెన్‌డ్రైవ్‌లో పాట పెట్టి చూడండి. పెన్‌డ్రైవ్‌తో రెండు వైపులా బాగా వస్తే ఇక యాంప్లిఫయర్ మీద కూడా అనుమానం పోయినట్టే.

ఒకసారికి ఒక్కటే మార్చాలి. ఇక్కడే చాలామంది పొరపాటు చేస్తారు. వైర్లన్నీ ఒకేసారి పీకి, సెట్టింగులన్నీ నొక్కి, చివరికి ఏది ఎక్కడుండేదో మర్చిపోతారు. పీకే ముందు వెనక వైపు ఫోన్‌తో ఒక ఫొటో తీసుకుంటే ఆ బాధ ఉండదు. ఇంకో సంగతి, చిన్న బాక్సుల వైర్లు వాటిలో వాటికే మార్చుకోవాలి. చిన్న బాక్స్ తీసుకెళ్లి వూఫర్ రంధ్రంలో పెడితే అది కాలిపోవచ్చు.

వైర్ దగ్గర తేలిందా? రెండు చివర్లూ చూడండి. ఇన్సులేషన్ కొంచెం కొరికినట్టు ఉందంటే అది ఎలుక పనే. గోడ వెంట, సోఫా కింద నుంచి వెనక బాక్సుల దాకా వెళ్లే వైర్లే వాటికి ముందు దొరుకుతాయి. తెగిన చోట మెలిపెట్టి టేప్ చుడితే పని నడుస్తుంది గానీ, రాగి పోగు ఒక్కటి బయటికి వచ్చి పక్క వైర్‌ని తాకినా యాంప్లిఫయర్‌కి ముప్పే. వైర్ మొత్తం మార్చేయడమే నయం. ఈసారి వైర్‌ని పీవీసీ పట్టీలో, అంటే కేసింగ్‌లో వేయించండి.

స్పీకర్ బతికుందో లేదో తెలుసుకోవడానికి రిమోట్‌లో వేసే పెన్సిల్ సెల్ చాలు. స్పీకర్ వైర్‌ని యాంప్లిఫయర్ నుంచి పూర్తిగా తీసేసి, రెండు కొసల్ని సెల్ రెండు వైపులా ఒక్క క్షణం తాకించండి. టప్‌మని చప్పుడు వస్తే స్పీకర్‌కీ, వైర్‌కీ ఢోకా లేదు. ఏ చప్పుడూ రాకపోతే స్పీకర్ దగ్గరే, పొట్టి వైర్‌తో మళ్లీ చూడండి. అక్కడా రాకపోతే లోపల కాయిల్ తెగినట్టు. మల్టీమీటర్ ఉన్నవాళ్లకి ఇంకా సులువు. 8 ఓమ్స్ అని రాసున్న స్పీకర్ దాదాపు 6 నుంచి 7 దాకా చూపిస్తుంది, 4 ఓమ్స్‌ది 3 పైచిలుకు చూపిస్తుంది. అసలు ముల్లు కదలకపోతే కాయిల్ తెగింది, సున్నాకి దగ్గరగా ఉంటే షార్ట్ అయింది.

పాటలు వస్తాయి, మాటలు రావు.. ఎందుకు?

అందరికీ ఎక్కువగా వచ్చే సమస్య ఇదే. దీనికి ఒక్క కారణం కాదు, నాలుగున్నాయి.

మొదటిది మధ్య బాక్స్. 5.1 సిస్టమ్‌లో టీవీ కింద పెట్టే ఆ చిన్న పొడుగు బాక్స్‌ని సెంటర్ స్పీకర్ అంటారు. సినిమాలో మాటలు ఎక్కువ భాగం దాంట్లోంచే వస్తాయి. పాటలు, ఫైట్లు మిగతావాటికి వెళ్తాయి. కాబట్టి సెంటర్ వైర్ ఊడితే సినిమా అంతా వినపడుతున్నట్టే ఉంటుంది, మాటలు మాత్రం బావిలోంచి వస్తున్నట్టుంటాయి. టీవీ వెనక దుమ్ము దులిపేటప్పుడు ఈ వైర్ లాగినట్టవుతుంది, ఎవరూ గమనించరు. కొంతమంది ఇంట్లో చోటు లేక సెంటర్ బాక్స్‌ని అసలు పెట్టరు, అట్టపెట్టెలోనే ఉంచేస్తారు. అలాంటప్పుడు మెనూలోకి వెళ్లి సెంటర్ స్పీకర్ లేదు అని సెట్ చేస్తే ఆ మాటలు ముందు రెండు బాక్సుల్లోకి వస్తాయి. ఆ సెట్టింగ్ మీ సెట్‌లో లేకపోతే టీవీ నుంచి వచ్చే సౌండ్‌ని స్టీరియోకి మార్చుకోండి.

రెండోది ప్లస్, మైనస్ తారుమారు. స్పీకర్ వెనక ఎర్ర పిన్, నల్ల పిన్ ఉంటాయి. ఒక బాక్స్‌కి సరిగ్గా, రెండో బాక్స్‌కి తిరగేసి కలిపితే ఏమవుతుంది? ఒక స్పీకర్ కాగితం ముందుకొచ్చినప్పుడు రెండోది వెనక్కి వెళ్తుంది. రెండింటిలో ఒకేలా వచ్చే సౌండ్, అంటే ముఖ్యంగా గొంతు, బేస్, ఒకదాన్నొకటి చంపేసుకుంటాయి. బాక్సులు పలుకుతూనే ఉంటాయి, పాటలో పస ఉండదు. ఇల్లు సున్నాలేసి మళ్లీ వైర్లు కలిపిన తర్వాత "సౌండ్ పల్చబడిందండీ" అంటే ముందు ఇదే చూడాలి. వైర్ మీద ఒక వైపు గీత గానీ, వేరే రంగు గానీ ఉంటుంది. ఆ గీత ఉన్న వైరే రెండు చివర్లా ఎర్ర పిన్‌కి వెళ్లాలి.

మూడోది ఫోన్ వాడేవాళ్లకి. ఫోన్ నుంచి ఆక్స్ వైర్‌తో పాట పెడితే మ్యూజిక్ వస్తుంది, గొంతు మాయమవుతుంది. చాలామంది స్పీకర్ పోయిందనుకుంటారు. జాక్ పూర్తిగా లోపలికి దిగకపోవడం వల్ల, అందులోని గ్రౌండ్ కనెక్షన్ తగలక వచ్చే తేడా ఇది. ఫోన్‌కి ఉన్న మందపాటి కవర్ అడ్డుపడి కూడా జాక్ సగమే దిగుతుంది. కవర్ తీసి గట్టిగా నొక్కండి. అప్పటికీ రాకపోతే వైర్ మార్చండి. ఒక చెవి వైపే సౌండ్ వస్తోందంటే ఫోన్ సెట్టింగుల్లో యాక్సెసిబిలిటీలోకి వెళ్లి ఆడియో బ్యాలెన్స్ మధ్యలో ఉందో లేదో కూడా చూడండి. పిల్లల చేతిలో పడ్డ ఫోన్‌లో ఆ గీత ఎక్కడైనా ఉండొచ్చు.

ఇక నాలుగోది ఎవరూ అనుమానించనిది. మీ హాలు.

కొత్తగా కట్టిన డాబా ఇళ్లల్లో చీమకుర్తి గ్రానైట్ పరచడం మన దగ్గర రివాజు. నున్నటి నేల, బోసిగా ఉండే గోడలు, పైన స్లాబు. మాట ఒకటి వస్తే దానికి నాలుగు వైపుల నుంచి ప్రతిధ్వని వస్తుంది. అన్నీ కలగలిసి మాట ముద్దయిపోతుంది. సౌండ్ పెంచితే ఇంకా ఎక్కువ ముద్దవుతుంది. గది మధ్యలో నిలబడి గట్టిగా ఒక్క చప్పట కొట్టండి. టంగ్‌మని సాగితే తేడా మీ సెట్‌లో లేదు. కిటికీలకి మందపాటి కర్టెన్లు వేయండి. నేల మీద జంబుఖానా పరవండి. ఎదురు గోడ వైపు పత్తి పరుపు వేసిన దివాన్ కాట్ లాంటిది పెట్టండి. సౌండ్‌ని పీల్చుకోవడంలో పత్తికి మంచి పేరుంది, అది మన ఊళ్లల్లో కొదవ లేని సరుకు కూడా. వూఫర్‌ని గోడ మూలకి తోస్తే బేస్ మరీ మోతగా ఉంటుంది. మూల నుంచి రెండడుగులు ఇవతలికి జరిపి చూడండి, మాటలు తేలతాయి.

వెనక బాక్సులు పలకట్లేదంటే పాడైనట్టు కాదు

నిజం చెప్పాలంటే, ఎక్కువసార్లు అది అసలు సమస్యే కాదు. ఫోన్‌లో చూసే యూట్యూబ్ వీడియోలు ఎక్కువగా స్టీరియోలో, అంటే రెండు చానళ్ల సౌండ్‌తోనే ఉంటాయి. టీవీ చానళ్లు కూడా చాలా వరకు అంతే. బ్లూటూత్‌లో మామూలుగా వెళ్లేది కూడా రెండు చానళ్లే. రెండే వస్తుంటే వెనక బాక్సులకి పని ఉండదు. రిమోట్‌లో ప్రో లాజిక్, సరౌండ్, ఆల్ చానల్ స్టీరియో లాంటి పేర్లతో ఉన్న బటన్ నొక్కితే వెనక కూడా పలుకుతాయి. అన్నట్టు అది యాంప్లిఫయర్ సృష్టించే సౌండ్, అసలు 5.1 కాదు.

అసలైన 5.1 కావాలంటే ఓటీటీలో ఆ సినిమాకి డాల్బీ గానీ 5.1 గానీ గుర్తు ఉండాలి, మీ ప్లాన్‌లో అది ఇవ్వాలి, టీవీ దాన్ని బయటికి పంపాలి. టీవీ సౌండ్ సెట్టింగుల్లో డిజిటల్ ఆడియో ఔట్‌పుట్ అని ఉంటుంది. అది పీసీఎంలో ఉంటే తరచూ స్టీరియోనే వెళ్తుంది. ఆటో గానీ, పాస్‌త్రూ గానీ పెట్టండి. తిరకాసు ఏంటంటే, మీ హోమ్ థియేటర్‌కి డాల్బీ చదవడం రాకపోతే ఇలా మార్చగానే మొత్తం సౌండే పోతుంది, లేదా జుయ్‌మని మోత వస్తుంది. భయపడొద్దు, మళ్లీ పీసీఎంకి వచ్చేయండి.

హెచ్‌డీఎంఐ వైర్ అయితే టీవీకి ఉన్న ఏ రంధ్రంలో పడితే ఆ రంధ్రంలో పెడితే పనిచేయదు. ఏఆర్‌సీ లేదా ఈఏఆర్‌సీ అని రాసున్న దాంట్లోనే పెట్టాలి. సెట్టింగుల్లో సీఈసీ ఆన్‌లో ఉండాలి. టీవీ కంపెనీలు దీనికి ఒక్కొక్కరూ ఒక్కో పేరు పెట్టుకున్నారు, మెనూలో కొంచెం వెతకాలి. ఏఆర్‌సీ వచ్చింది 2009లో, ఈఏఆర్‌సీ వచ్చింది 2017లో. మరీ పాత టీవీ అయితే ఆ రంధ్రమే ఉండదు, ఆప్టికల్ వైర్ వాడాలి. ఆప్టికల్ వైర్ కొసల మీద సన్నటి ప్లాస్టిక్ టోపీలుంటాయి, అవి తీయకుండా గుచ్చేసి సౌండ్ రావట్లేదని గంటలు గంటలు కూర్చునేవాళ్లున్నారు. ఈ రాస్తున్నవాడు కూడా ఒకసారి ఆ బాపతే.

పెదాలు ముందు కదిలి మాట తర్వాత వస్తోందా? బ్లూటూత్ వాడుతుంటే అది మామూలే, అందులో సౌండ్ కొంచెం ఆలస్యంగా చేరుతుంది. వైర్‌కి మారడమే మందు. వైర్ మీద కూడా అలాగే ఉంటే టీవీలో గానీ హోమ్ థియేటర్‌లో గానీ లిప్ సింక్, ఆడియో డిలే అని ఉన్న అంకెల్ని అటూ ఇటూ జరపండి. ఇక అర్ధరాత్రి మీ హోమ్ థియేటర్ దానంతట అదే పాటలు పాడిందంటే దయ్యం కాదు, పక్కింటి కుర్రాడి ఫోన్ బ్లూటూత్‌కి తగులుకుంది. మీ సెట్‌లో పిన్ పెట్టుకునే వీలుంటే పెట్టుకోండి, లేకపోతే వాడనప్పుడు ప్లగ్గు దగ్గరే ఆపేయండి.

గుర్రుమనే మోత.. అసలు కథ ఎర్త్‌లో

పాట లేకపోయినా వినిపించే ఆ సన్నటి గుర్రు కరెంటుది. మన కరెంటు సెకనుకి 50 సార్లు అటూ ఇటూ మారుతుంది. ఆ లయే ఎక్కడో దొంగదారిలో స్పీకర్‌లోకి వస్తోందన్నమాట.

యాంప్లిఫయర్‌కి వచ్చే ఇన్‌పుట్ వైర్లన్నీ తీసేసి ఆన్ చేయండి. అప్పటికీ గుర్రుమంటే లోపలి పవర్ సప్లైలో కెపాసిటర్లు ఉబ్బి ఉండొచ్చు, అది మెకానిక్ పని. మోత ఆగిపోయిందా? ఇప్పుడు ఒక్కో వైర్ పెడుతూ రండి. సెట్‌టాప్ బాక్స్ కలపగానే మొదలైతే, దాని వెనక ఉన్న కేబుల్ టీవీ వైర్‌ని గానీ డిష్ వైర్‌ని గానీ మర తిప్పి తీసి చూడండి. మోత ఆగిందంటే దొంగ దొరికినట్టే. వీధిలోంచి వచ్చే కేబుల్‌కి ఒక ఎర్త్, మీ ఇంటికి ఒక ఎర్త్. రెండింటి మధ్య ఉన్న చిన్న తేడానే స్పీకర్‌లో వినిపిస్తోంది. టీవీ, సెట్‌టాప్ బాక్స్, హోమ్ థియేటర్ మూడింటినీ ఒకే బోర్డుకి పెడితే చాలాసార్లు తగ్గిపోతుంది. తగ్గకపోతే ఆప్టికల్ వైర్‌కి మారండి, అందులో వెళ్లేది వెలుగే కాబట్టి ఈ మోత దాంట్లోంచి రాదు. ఆర్‌సీఏ వైర్లకైతే గ్రౌండ్ లూప్ ఐసొలేటర్ అని చిన్న ముక్క దొరుకుతుంది.

ఫ్యాన్ రెగ్యులేటర్ తిప్పినప్పుడు జుయ్‌మంటే రెగ్యులేటర్‌దే తప్పు. కరెంటు పోయి ఇన్వర్టర్ మీదకి రాగానే మోత మొదలైతే మీది స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ అయి ఉంటుంది. ఆ టైమ్‌లో హోమ్ థియేటర్ ఆపుకోవడమే మంచిది, ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న సెట్లు వేడెక్కుతాయి.

ఇప్పుడు అసలు ముఖ్యమైన మాట. మోత తగ్గుతోంది కదా అని మూడు పిన్నుల ప్లగ్గులో పైన ఉన్న లావు పిన్ విరగ్గొట్టేవాళ్లు, ఆ వైర్ పీకేసేవాళ్లు ఉన్నారు. కొంతమంది "అనుభవజ్ఞులు" ఈ సలహా కూడా ఇస్తుంటారు. దయచేసి ఆ పని చేయొద్దు. లోపల వైర్ ఎక్కడైనా ఊడి ఇనుప బాడీని తాకితే ఆ కరెంటు భూమిలోకి వెళ్లే దారి అదే. ఆ దారి మూసేస్తే అది ముట్టుకున్న మనిషిలోంచి వెళ్తుంది. తడి కాళ్లతో ఉన్న పిల్లలైతే ఇంకా ప్రమాదం.

బాడీని తాకితే జిల్లుమంటోందా? ఎర్త్ పనిచేయట్లేదేమో అని ముందు అనుమానించాలి. పశ్చిమ ప్రకాశంలో, పల్నాడు మెట్ట ఊళ్లల్లో ఎండాకాలం నేల బీటలు వారుతుంది. పొడి నేల కరెంటుని సరిగ్గా తీసుకోదు. ఇల్లు కట్టినప్పుడు ఉప్పు, బొగ్గు వేసి పాతిన ఎర్త్ గుంతలో మళ్లీ నీళ్లు పోసిన ఇళ్లు ఎన్ని? వేసవిలో రెండు మూడు రోజులకోసారి బిందెడు నీళ్లు పోయడం పెద్ద పనేం కాదు. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఎర్త్ మీటర్‌తో చూపించండి. మెయిన్ బోర్డులో 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ లేకపోతే అదే చేత్తో పెట్టించండి. షాక్ కొట్టే పరిస్థితి వస్తే క్షణంలో కరెంటు ఆపేది అదే. హోమ్ థియేటర్ కోసం కాకపోయినా అది ఇంట్లో ఉండాల్సిన సామానే.

వోల్టేజీ తగ్గినా తిప్పలే, పెరిగితే ఇంకా పెద్ద తిప్పలు

ఇళ్లకి రావాల్సింది 230 వోల్టులు. అటూ ఇటూ 6 శాతం, అంటే 216 నుంచి 244 లోపు ఉండొచ్చు. ఊరి చివర, ట్రాన్స్‌ఫార్మర్‌కి దూరంగా ఉన్న ఇళ్లల్లో సాయంత్రం అందరూ ఏసీలు, కూలర్లు వేసేసరికి ఇది బాగా పడిపోతుంది. పాత పద్ధతి ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న యాంప్లిఫయర్లు, మన టౌన్లలో అసెంబుల్ చేసి ఇచ్చే సెట్లు ఇలాంటివే ఎక్కువ. అప్పుడు వాల్యూమ్ సగం పెంచగానే సౌండ్ పగిలినట్టు వస్తుంది. పగలు బాగుండి రాత్రి ఏడు తర్వాత మాత్రమే పగులుతోందంటే స్పీకర్ మార్చొద్దు, స్టెబిలైజర్ సంగతి చూడండి. సెట్ వెనక 100 నుంచి 240 వోల్టులు అని రాసుంటే అది తక్కువ వోల్టేజీని తట్టుకునే రకం, దానికి ఈ బాధ తక్కువ.

ఎక్కువ వోల్టేజీ అసలు ప్రమాదం. గాలివాన తర్వాత వీధి స్తంభం దగ్గర న్యూట్రల్ వైర్ తెగితే, మూడు ఫేజుల మధ్య లెక్క తప్పి కొన్ని ఇళ్లకి 400 వోల్టులకు దగ్గరగా కూడా రావొచ్చు. వీధిలో ఒకేసారి నాలుగైదు టీవీలు పోయాయని వింటుంటాం కదా, దానికి ఇదీ ఒక కారణమే. దీనికి గుర్తులుంటాయి. ఒక ఇంట్లో బల్బులు మండిపోతున్నట్టు వెలుగుతాయి, పక్కింట్లో మిణుకుమిణుకుమంటాయి. ఫ్యాన్లు ఉన్నట్టుండి వేగంగా తిరుగుతాయి. అలా కనిపించిన క్షణంలో మెయిన్ ఆపేయండి. ఆలోచిస్తూ కూర్చోవద్దు. తర్వాత 1912కి ఫోన్ చేసి చెప్పండి. గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశం జిల్లాలకి కరెంటు ఇచ్చే ఏపీసీపీడీసీఎల్‌కి ఫిర్యాదు నంబర్ అదే. పక్కిళ్ల వాళ్లకి కూడా కేకేసి చెప్పండి.

ఉరుములు మొదలైతే ప్లగ్గు తీయడం అందరికీ తెలుసు. డిష్ వైర్ తీయడం మాత్రం మర్చిపోతారు. పిడుగు దగ్గర్లో పడితే మిద్దె మీది డిష్ నుంచి సెట్‌టాప్ బాక్స్‌లోకి, అక్కడి నుంచి టీవీ, హోమ్ థియేటర్‌లోకి వచ్చేది ఆ వైర్‌లోంచే. మబ్బు పట్టగానే తీసేయండి. నెత్తి మీద ఉరుముతున్నప్పుడు మాత్రం ఆ వైర్ జోలికి పోవద్దు.

పత్తి గది, సౌండ్ సిస్టమ్.. ఒకే చోట వద్దు

రేటు పెరుగుతుందేమోనని, లేదా సీసీఐ కేంద్రంలో నంబర్ వచ్చేదాకా పత్తిని ఇంట్లోనే పోసుకోవడం రైతులకి కొత్త కాదు. ముందు గది ఖాళీగా ఉంటే అందులోనే పోస్తారు. టీవీ కూడా అదే గదిలో ఉంటుంది. ఇక్కడ ఒక్క క్షణం ఆగండి.

యాంప్లిఫయర్ వేడెక్కే వస్తువు. దాని పైనా పక్కలా ఉన్న చీలికల్లోంచి గాలి ఆడితేనే చల్లబడుతుంది. పత్తి పీచు గాల్లో తేలుతూ ఆ చీలికల్లో పేరుకుంటుంది. లోపల చిన్న ఫ్యాన్ ఉన్న సెట్ అయితే అదే పీచుని లోపలికి లాక్కుంటుంది. కాసేపు పాడి దానంతట అదే ఆగిపోయి, చల్లారాక మళ్లీ పాడుతోందంటే వేడికే ఆగుతోందని అనుమానించాలి. అంతకన్నా భయపడాల్సింది వదులుగా ఉన్న ఎక్స్‌టెన్షన్ బోర్డు. ప్లగ్గు కదిపితే చిటపటమంటుంది చూడండి, ఆ నిప్పురవ్వ ఒక్కటి చాలు. పత్తికి అంటుకుంటే పైకి ఆరినట్టు కనిపించినా లోపల రాజుకుంటూనే ఉంటుంది. ఏడాది కష్టం, ఇల్లు రెండూ పోతాయి.

గది మార్చే వీల్లేకపోతే పత్తి అమ్మేదాకా ఆ గదిలో టీవీ, హోమ్ థియేటర్ ప్లగ్గులు తీసేసి ఉంచండి. ఎక్స్‌టెన్షన్ బోర్డు అసలు వద్దు. పొరపాటున ఏదైనా అంటుకుంటే ముందు మెయిన్ ఆపాలి, కరెంటు ఉండగా నీళ్లు చల్లకూడదు. మంట పెరిగేలా ఉంటే బయటికి వచ్చేసి 101కి ఫోన్ చేయండి.

మిర్చి ఆరబెట్టే కల్లాలు దగ్గరున్న ఇళ్లల్లో దుమ్ము సంగతి చెప్పనక్కర్లేదు. వాల్యూమ్ తిప్పితే కరకరమంటోందంటే ఆ మర లోపల దుమ్ము చేరింది. పవర్ ఆపేసి దాన్ని ఆ చివర నుంచి ఈ చివరకి ఓ ఇరవై సార్లు తిప్పండి, చాలాసార్లు తగ్గుతుంది. తగ్గకపోతే ఎలక్ట్రానిక్ షాపుల్లో కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే దొరుకుతుంది. కిరోసిన్, కొబ్బరినూనె లాంటివి పోయొద్దు. బ్లోయర్‌తో దులిపేటప్పుడు ముక్కుకి గుడ్డ కట్టుకోండి, కారం ఘాటు కలిసిన దుమ్ము అది. చీరాల, బాపట్ల లాంటి సముద్రపు ఊళ్లల్లో దుమ్ము కన్నా ఉప్పు గాలితో పని. పిన్నులు పచ్చగా చిలుము పడతాయి. పీకి, పొడి గుడ్డతో తుడిచి, వైర్ కొస కొంచెం కోసి కొత్త రాగి తేలేలా చేసి పెట్టండి.

ప్రొటెక్ట్ అని వచ్చి ఆగిపోతే

డిస్‌ప్లేలో ప్రొటెక్ట్ అని గానీ, ఎర్ర లైట్ మిణుకుమంటూ గానీ ఉంటే సెట్ తనని తాను కాపాడుకుంటోంది. పవర్ ఆపి స్పీకర్ వైర్లన్నీ తీసేయండి. మళ్లీ ఆన్ చేస్తే మామూలుగా వచ్చిందా? వైర్లలో ఎక్కడో షార్ట్ ఉంది. ఒక్కోటి కలుపుతూ పోతే దొరుకుతుంది, కలిపే ప్రతిసారీ పవర్ ఆపాలి. వైర్లేవీ లేకపోయినా ప్రొటెక్ట్ అనే వస్తే లోపల పార్ట్ పోయింది, మూత విప్పొద్దు. ప్లగ్గు తీసిన తర్వాత కూడా లోపలి కెపాసిటర్లలో కరెంటు నిల్వ ఉంటుంది.

పదేళ్లు దాటిన వూఫర్ బరబరమంటోందంటే జాలీ తీసి చూడండి. కాగితం చుట్టూ ఉన్న ఫోమ్ అంచు పొడిపొడిగా రాలిపోయి ఉంటుంది. మొత్తం స్పీకర్ కొనక్కర్లేదు, ఆ అంచు వేసి ఇచ్చేవాళ్లున్నారు.

షాపుకి తీసుకెళ్లాల్సి వస్తే మీరు చేసి చూసినవన్నీ చెప్పండి. "సౌండ్ రావట్లేదు" అనడం కన్నా "పెన్‌డ్రైవ్‌తో బాగుంది, టీవీతోనే రావట్లేదు" అంటే పని తొందరగా తేలుతుంది, లేని రిపేర్లు మీద పడవు. ఖర్చు ఎంతవుతుందో ముందే కాగితం మీద రాయించుకోండి. మార్చిన పాత పార్ట్ వెనక్కి అడిగి తెచ్చుకోండి. వారంటీలో ఉంటే సెట్‌తో పాటు బిల్లు తీసుకెళ్లాలి, బయట మెకానిక్‌తో సీలు తీయిస్తే కంపెనీ ఒప్పుకోకపోవచ్చు. వారంటీ ఉండి కూడా తిప్పించుకుంటుంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు. కొత్తది కొనాల్సి వస్తే డబ్బా మీద పీఎంపీఓ అని వేసే వేల వాట్ల అంకెని పట్టించుకోకండి, ఆర్ఎంఎస్ వాట్లు ఎంతో అడగండి. సెట్ వెనక స్టిక్కర్ మీద అది కరెంటు 60 వాట్లే తీసుకుంటుందని రాసుంటే, 5,000 వాట్ల సౌండ్ ఎక్కడి నుంచి వస్తుందో షాపతన్నే అడిగి చూడండి.